మొహం కనపడే కెమెరా

అత్తయ్య పోయిందని పెడన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మరి రేపు కెమెరా?" అని. ఆ మాట పట్టుకుని ఇంట్లో నన్ను రాతిగుండెదాన్ని చేశారు. "మనిషి పోయిందంటే కెమెరా అంటావేంటే!" అని అమ్మ పక్కింట్లో కూడా చెప్పింది. నేనడిగింది కెమెరా గురించి కాదు. "రేపు పొద్దున్నే బందరు వచ్చేస్తా, బెజవాడ వెళ్లి కెమెరా కొనేద్దాం, తెమిలి ఉండు, జడ బస్సులో వేసుకోవచ్చు" అని ఉదయం ఫోన్ చేసిన మనిషి, మధ్యాహ్నానికి ఎలా లేకుండా పోతుందని అడిగాను. ఇప్పటికీ అదే అడుగుతున్నాను.

ఆవిడ మా నాన్నకి అక్క. పెడనలో కలంకారీ అద్దకం పని. బట్ట మీద అచ్చు వేస్తూ వేస్తూ కూలబడిపోయిందట. గుండె అన్నారు. చేతికున్న రంగు ఇంకా ఆరలేదని నాన్న వచ్చి చెప్పారు.

డిగ్రీ అయ్యాక వీడియోలు తీస్తానంటే ఇంట్లో సినిమా పిచ్చన్నారు. "ఏం తీస్తావే?" అని అడిగింది అత్తయ్య ఒక్కతే. సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు అన్నాను. మగాడు లైటేసుకుని లోపలికి రాగానే ఆడవాళ్లంతా నవ్వు మింగేసి పైట సర్దుకుంటారు కదా, అలా కాకుండా తీస్తానన్నాను. "అయితే చీటీ పాడతా" అంది. అంతే.

నా ట్యూషన్ల డబ్బు, ఆవిడ చీటీ డబ్బు కలిపినా రెండిట్లో ఒక్కటే వస్తుంది: భుజం మీద మోసే పాత పెద్ద కెమెరా, లేదా పక్కకి తెర తెరుచుకునే కొత్త చిన్న కెమెరా. అన్నయ్య పెద్దదే కొనమన్నాడు. "చిన్నది పట్టుకెళ్తే బొమ్మనుకుంటారు. భోజనానికి కూడా పిలవరు." అత్తయ్య కూడా మొదట వాడి పక్షమే.

చీటీ డబ్బు నా చేతికి రాకముందే, పోయిన నెల ఇద్దరం బెజవాడ వెళ్లి చూశాం. కొట్టతను పెద్దది నా భుజానికెత్తాడు. అత్తయ్య ఎదురుగా నిలబడి తల అటూ ఇటూ వంచింది.

"నీ మొహం ఏదే? సగం ఎగిరిపోయింది. దీంతో ఎవరు మాట్లాడతారు?"

తర్వాత చిన్నది. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని తెరలోకి చూసుకుంటే చాలు.

"ఇదీ! నువ్వు నవ్వితే వాళ్లూ నవ్వుతారు."

"ఇది కొంటే లైటుకీ స్టాండుకీ డబ్బుండదు అత్తయ్యా."

"ఇళ్లకి కిటికీలుండవటే? గోడకి ఆనుకుని తియ్."

ఇక బేరం మొదలైంది. కొట్టతను టీ తెప్పించబోతే, "టీ వద్దు బాబూ, ఆ డబ్బు కూడా తగ్గించు" అంది. నేను కెమెరా ఆవిడ వైపు తిప్పాను. తెరలో ముక్కుపుడక, గోళ్లలో ఇంకిపోయిన ఎర్రరంగు, అతని మీదికి లేచిన చూపుడువేలు. అంతా రికార్డవుతోందనుకున్నాను. వెనక్కి తిప్పి ఆవిడకి చూపించబోతే కొట్టతను నవ్వాడు.

"అందులో క్యాసెట్ లేదమ్మా. అది చూపించడానికి పెట్టింది."

అప్పుడు ముగ్గురం నవ్వాం.

ఆ వేలు ఇప్పుడు నాకొక్కదానికే కనపడుతోంది. ఎవరికీ వేసి చూపించలేను.

అన్నయ్య నిన్న పెద్ద కెమెరా బేరం కుదుర్చుకొచ్చాడు. అత్తయ్య ఉంటే ఇదే కొనమనేదట. ఆవిడ ఎదురుగా లేదు కాబట్టే ఆ మాట అనగలిగాడు. దినవారాలు కాకుండా కొత్త వస్తువేంటని అమ్మ.

రేపు ఒక్కదాన్నే బెజవాడ వెళ్తున్నాను. చిన్నదే కొంటున్నాను.