దోసెల పెనం మీద ఆంప్లిఫయర్

వచ్చే ఆదివారంలోగా టెర్రస్ మీది యాంటెన్నా తీసేయాలని మా అపార్ట్‌మెంట్ కమిటీ నోటీసు అంటించింది. నా రేడియో వల్ల లిఫ్ట్ మధ్యలో ఆగిపోతోందట! నాకు ఒళ్లు మండింది. లిఫ్ట్ ఆగిన రెండు రోజులూ నేను గచ్చిబౌలిలో, ఆఫీసులో ఉన్నాను. రేడియో శక్తిని పెంచే నా ఆంప్లిఫయరేమో సగం పనితో బల్ల మీద పడి ఉంది.

నాకు హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది. పరీక్ష రాసి, గాల్లో నా పేరులాంటి కాల్‌సైన్ తెచ్చుకుని, గాల్లో మాట్లాడుకునే సరదా అది. నాకు ఆ విద్య నేర్పిన మాస్టారు ప్రగతి నగర్‌లో ఉంటారు. నేనుండేది నార్సింగిలో. మధ్యలో లేచిన అద్దాల భవనాలను నా చేతి సెట్టు దాటలేకపోయేది. ఆయనకు నా మాట ఉత్త గరగరలా వినబడేది. ఫోన్ చేసుకోవచ్చు కదా అని ఆఫీసులో నవ్వేవారు. చేసుకోవచ్చు. చేసుకోను. నా చేతులతో కట్టిన ఆంప్లిఫయర్‌తోనే ఆ భవనాలు దాటాలని పంతం పట్టాను.

నోటీసు చూసి ఆపలేదు సరికదా, ఆ వారమంతా దాని ముందే కూర్చున్నాను. నేను వాడే యూహెచ్ఎఫ్ తరంగాల్లో తీగ కాస్త పొడుగైనా పని చెడుతుంది. పైగా ట్రాన్సిస్టర్‌ను రాగి పలకకు అతికించాలి. ఆ పలక వేడంతా తాగేసేది, సోల్డరింగ్ ఐరన్ చాలలేదు. చివరికి దోసెల పెనం మీద పెట్టి వేడిచేసి అతికించాను. ఇంట్లో ఎన్ని మాటలన్నా ఆ పెనాన్ని మళ్లీ వంటకు ఇవ్వలేదు.

మొదటి ట్రాన్సిస్టర్‌ను నేనే చంపాను. యాంటెన్నా కేబుల్ వదులుగా ఉంది. పంపిన శక్తి వెనక్కి రావడంతో రక్షణ సర్క్యూట్ మొత్తాన్నీ ఆపేసింది. ఎందుకు ఆపిందో చూడాలి కదా! ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అలవాటు, ఆఫ్ చేసి ఆన్ చేశాను. మళ్లీ ఆగింది. మళ్లీ ఆఫ్, మళ్లీ ఆన్. మూడోసారి చిటుక్కుమంది, కాలిన వాసన వచ్చింది. నా మీద నాకే కోపమొచ్చి ఏడ్చాను. రెండోది పెట్టేటప్పుడు ప్రతి బిగింపూ నాలుగేసి సార్లు చూసుకున్నాను. నా దగ్గర ఇంకొకటి లేదు.

ఆదివారం పొద్దున లిఫ్ట్ మోటారు గది పక్కనే బల్ల వేసి అన్నీ సర్ది, కమిటీ సెక్రటరీని పైకి పిలిచాను.

“నేను రేడియోల మాట్లాడేటప్పుడు లిఫ్ట్ ఆగితే యాంటెన్నా ఇప్పుడే నేనే తీసేస్త సార్. ఆగకపోతే ఇగ ఆ మాట ఎత్తొద్దు, సరేనా?”

“సరేనమ్మా, చూద్దాం,” అన్నారాయన.

వాచ్‌మన్‌ను లిఫ్ట్‌లో పైకీ కిందికీ తిరగమన్నాను. మైకు నొక్కి మాస్టారిని పిలవడం మొదలుపెట్టాను. ఆ పాత లిఫ్ట్ తనంతట తాను మొరాయించినా నేరం నా మీదే పడుతుంది. మీటర్ ముల్లు లేచి, లైసెన్సు ఒప్పుకునే శక్తి హద్దుకు కొంచెం ఇవతల నిలబడింది. గదిలో మోటారు తిరుగుతూనే ఉంది.

“నడుస్తనే ఉన్నదక్కా! ఏడా ఆగుతలేదు!” అని పై అంతస్తులో లిఫ్ట్ దిగి, మెట్ల దగ్గర నుంచి వాచ్‌మన్ కేకేశాడు.

మైకు వదిలాను. స్పీకర్‌లో మాస్టారి గొంతు పక్క గదిలో ఉన్నట్టు పలికింది. “బ్రహ్మాండంగా వినబడుతున్నావమ్మా! ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నావు?”

సెక్రటరీ అంతా విన్నారు. కాసేపు యాంటెన్నా వైపు చూసి, “అయినా ఇది చూడ్డానికి ఏం బాగోలేదమ్మా. తీసేస్తే అందరికీ మంచిది,” అన్నారు.

ఇదన్నమాట సంగతి. లిఫ్ట్ ఉత్త సాకు.

“లిఫ్ట్ ఆగితే తీస్త అన్న. ఆగలే. ఇగ తియ్య సార్.”

నేను తగ్గుతానేమోనని ఆయన కదలకుండా నిలబడ్డారు. అవతల మాస్టారు నా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. నేను మైకు నొక్కి, సెక్రటరీ కళ్లలోకి చూస్తూనే, నా కాల్‌సైన్ ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను.