ఎర్రన్న తలగుడ్డలో దబ్బనం

ఎర్రన్నకి ఇంగ్లీషులో వచ్చింది ఒకే ఒక్క మాట: ఓవర్. రాజాం రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి నేర్చుకున్నది. లారీలో ఒక్క బస్తా ఎక్కువైతే ఓవర్‌లోడు. పొద్దు గుంకినా లోడింగు సాగితే ఓవర్‌టైము. మీసం మొలవని కుర్రాడు రెండు బస్తాలు ఒకేసారి ఎత్తబోతే ఓవర్‌యాక్షను. ఆ ఒక్క మాటతోనే ఆయన సంసారం లాక్కొచ్చేశాడు.

నిన్న సాయంత్రం వేడినీళ్ల గుడ్డతో మోకాళ్లకి కాపడం పెట్టుకుంటుంటే, డిగ్రీ చదివే కూతురు అనిత అదే మాటను పుస్తకంలోంచి వల్లె వేస్తోంది.

"ఓవర్ అంటే పైన. ఓవర్ అంటే మించి. ఓవర్ అంటే అవతలకి. ఓవర్ అంటే అయిపోవడం."

"ఒక్కదానికి అన్ని అర్థాలేటే గుంటా? ఎక్కడ ఏదో ఎలగ తెలస్తాది?"

"పక్కనున్న మాటని బట్టి తెలస్తాది అయ్యా."

"అయిపోవడం అన్నా కూడా అదేనా?"

"అదే. గేమ్ ఓవర్ అంటారు కదా."

ఎర్రన్న మోకాలి మీద గుడ్డ చల్లారిపోయింది.

తెల్లారి మిల్లుకి వెళ్లి, రోజూ మేకుకి తగిలించి వచ్చే తలగుడ్డ తీశాడు. అందులో గోనెలు కుట్టే దబ్బనం గుచ్చి ఉంది, దానికి చుట్టిన పురికొసతో సహా.

బస్తాలు మోసే ఆ కళాసీల జట్టులో ఎవరినీ "నువ్వింక మొయ్యలేవు" అని నోటితో అనరు. మేస్త్రీ కూర్మయ్య ఓ పొద్దున తలగుడ్డలో దబ్బనం గుచ్చుతాడు. ఇక బస్తా మూతులు కుట్టుకుంటూ కూర్చోమని అర్థం. వాటా తగ్గదు. మనిషే కాస్త తగ్గినట్టుంటాడు. ఆ కాస్త తగ్గడం కూడా ఎర్రన్నకి ఇష్టం లేదు.

దబ్బనం పీకి గోడసందులో దూర్చి, ఏమీ ఎరగనట్టు వరసలో నిలబడ్డాడు. వెనక నుంచి మేనల్లుడు వెంకీ గొణిగాడు.

"మావా, నీ తలకాయకి ఏదో గుచ్చుకున్నట్టున్నాది."

"పేనేమోరా."

"ఇనప పేనా?"

మొదటి బస్తా లారీ దాకా వెళ్లింది. రెండోదీ వెళ్లింది. మూడోదానికి, లారీకి వేసిన చెక్క మీద సగం ఎక్కాక, మోకాళ్లు రెండూ వేర్వేరు ఊళ్లకి బయల్దేరాయి. బస్తా జారింది. ఎర్రన్న కూడా జారేవాడే. వెంకీ తన బస్తా కింద పడేసి మావ వీపుకి భుజం ఆన్చాడు. అందరూ ఆగారు. ఒక్కడూ నవ్వలేదు. కళాసీలు నవ్వలేదంటే విషయం ముదిరిందన్నమాట.

"దిగు మావా," అన్నాడు వెంకీ. "నా పెళ్లికి నిన్ను మంచం మీద మోసుకెల్లమంటావేటి?"

దిగాడు. గోడసందులోంచి దబ్బనం తీసుకుని గోనె మీద కూలబడ్డాడు. ఎంతసేపటికీ పురికొస కన్నంలోకి దూరలేదు.

"కన్నం కనపడట్లేదురా."

"అందులోంచి ఎడ్లబండి ఎల్లిపోతాది మావా," అంటూనే వెంకీ ఎక్కించి ఇచ్చాడు.

సాయంత్రం దాకా కుట్టాడు. కూర్మయ్య వచ్చి ఓ బస్తా మూతి గుంజి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మేస్త్రీ ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

ఇంటికొచ్చాక అనిత చూసింది. అయ్య మెడ మీద ఎప్పుడూ ఉండే తవుడు లేదు. వేలి చివర మాత్రం నెత్తురు చుక్క ఎండి ఉంది. వేడినీళ్లు తెచ్చి పెట్టింది.

"ఇయాల పాఠమేటే?"

"అండర్, అయ్యా. అంటే కింద."

ఎర్రన్న గుడ్డ పిండి మోకాలి మీద వేసుకున్నాడు.

"అదొద్దు. ఇన్నాళ్లూ బస్తా కిందే ఉన్నాను. ఇంకోటి సదువు."