మునిగితేనే చదువుతాను

మొన్న మా పాపకు జలుబు చేస్తే మందుల షాపు నుంచి నీలగిరి తైలం సీసా తెచ్చాను. మూత తీశానో లేదో, బెంగళూరులో మూడో అంతస్తులో ఉన్న మా వంటిల్లు ఎక్కడికో పోయి, ఆండర్సన్‌పేటలో రేకుల వసారా కింద కంబళి కప్పుకుని కూర్చున్న మా పెద్దనాయన కనిపించాడు. కంబళి కింది నుంచి వచ్చే ఆవిరి, ఆవిరి వెనకాలే దగ్గు, దగ్గు ఆగగానే "ఏమమ్మీ, బడి వదిలినారా?" అనే పలకరింపు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి. "ఎందుకమ్మా కళ్ళలో నీళ్ళు?" అంది పాప. తైలం ఘాటు అన్నాను. అబద్ధం ఆడటం నాకు కొత్తేమీ కాదు గానీ, ఆ మనిషి విషయంలో ఇంక ఆడలేను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరి బంగారు గనులు మూతపడేనాటికి నాకు నాలుగేళ్ళు. గని కూత నాకు గుర్తు లేదు గానీ, మూశాక కూడా ఆ కూత వేళకు పెద్దవాళ్ళు చేస్తున్న పని ఆపి తలెత్తి చూడటం మాత్రం బాగా గుర్తు. గని కార్మికుల కోసం వరసగా కట్టిన లైనిళ్ళలో మా నాయనదీ, ఆయన అన్న అయిన మా పెద్దనాయనదీ పక్కపక్క ఇళ్ళు. మధ్యలో ఒకటే గోడ, పెరట్లో నడుం ఎత్తు రేకుల అడ్డం. వేసవిలో, బంగారం తీయగా మిగిలిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బల మీది నుంచి తెల్లటి దుమ్ము లేచి, ఆరేసిన బట్టల మీదా, మూత పెట్టని సంగటి మీదా, మా తలల మీదా పడేది. వానాకాలం ఆ దిబ్బల మీది నుంచి అట్టముక్కల మీద కూర్చుని జర్రున జారేవాళ్ళం. గనిలో బోరు వేసి పైకి తీసిన నున్నటి గుండ్రాళ్ళ ముక్కలు ఏరుకొచ్చి, ఆడపిల్లలమంతా వాటితో అచ్చనగాయలు ఆడేవాళ్ళం. క్రిస్మసు నెల వచ్చిందంటే మా పెద్దమ్మ ఇత్తడి అచ్చు నూనెలో కాచి గులాబీ పూలు వేసేది. విరిగినవన్నీ నావి. విరగనివి కూడా నేను చెయ్యి తగిలించి విరగ్గొట్టేదాన్ని. "ఈ పిల్ల చేతికి ఏం తెగులో!" అంటూనే పెద్దమ్మ ఇంకో రెండు నా ఒళ్ళో వేసేది. వాళ్ళకు పిల్లలు లేరు.

బళ్ళో కన్నడం, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు మాత్రం మా అవ్వ పాటల పుస్తకం ముందేసుకుని వేలు పట్టి దిద్దించింది. ఆమె పోయాక లైను మొత్తంలో తెలుగు గడగడా చదివే పిల్లని నేనొక్కదాన్నే, ఆ గర్వం నాకు నెత్తికెక్కి కూర్చుంది. పెద్దనాయనకు చదువు రాదు. గనిలో రాయికి తూటు వేసే పని ఇరవై ఏళ్ళ పైన చేసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకుని వచ్చాడు. మాపటేళ ఆవిరి పట్టుకుని, మొహం తుడుచుకుని, గుడ్డలో చుట్టిన వేదపుస్తకం తెచ్చి నా ముందు పెట్టేవాడు. మొదటి పేజీ నుంచి వరసగా, రోజుకు ఒక అధ్యాయం. నా కోసం ఉడకబెట్టిన శెనక్కాయలు పక్కన ఉండేవి. ఆయన వినే తీరే వేరు. యోనా చేప కడుపులో ఉన్నాడని చదివితే, "గాలి యాడ్నుంచి వస్తాది లోపలికి?" అని అడిగేవాడు. సింహాల గుంత గురించి చదివితే, "ఎన్ని అడుగుల లోతు?" అనేవాడు. దాదాపు మూడేళ్ళు అలా చదివి, ప్రభువు మాట ప్రకటించే అపొస్తలుణ్ణి ఖైదీగా తీసుకుపోయే ఓడ దగ్గరికి వచ్చాము. తుఫాను పట్టుకుంది, సరుకులు సముద్రంలో పారేశారు, ఎన్నాళ్ళయినా సూర్యుడు కనిపించలేదు. అక్కడికి చీకటి పడితే పుస్తకం మూశాను. "అందరూ గట్టెక్కినారా అమ్మీ?" అన్నాడు. "రేపు చెప్తా" అని ఊరించాను.

ఆ రేపు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మా గుడి సంగతి చెప్పాలి. గని ఉన్న రోజుల్లో లైనుకంతటికీ ఒకటే రాతి గుడి. పొద్దున్నే తమిళం వాళ్ళ ఆరాధన, ఎండ ఎక్కాక మా తెలుగువాళ్ళది. క్రిస్మసు రోజు మాత్రం అందరూ కలిసి ఒకే రాగంలో వాళ్ళు తమిళంలో, మేము తెలుగులో గొంతు చించుకునేవాళ్ళం, ఎవరి మాట ఎవరికీ వినిపించేది కాదు, అయినా ఎవరూ తప్పు పట్టలేదు. గనులు మూశాక, ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చి మైదానంలో షామియానా వేశాడు. అందరూ ఆయన్ని బ్రదర్ అనేవాళ్ళు. పసిబిడ్డల నెత్తిన నీళ్ళు చిలకరిస్తే అది బాప్తీస్మం కాదనీ, పెద్దయ్యాక నిండా మునిగితేనే రక్షణ అనీ చెప్పాడు. ఉద్యోగం పోయి, పొద్దున లేస్తే ఎక్కడికి పోవాలో తెలియని మా నాయనకు ఆయన చాప పరిచి కూర్చోబెట్టి, ఆరు నెలల్లో సంఘపెద్దను చేశాడు. మా నాయనను నేను తప్పు పట్టను. తలెత్తుకుని తిరగడానికి ఆయనకు ఏదో ఒకటి కావలసి వచ్చింది. పెద్దనాయన మాత్రం పాత గుడిలోనే ఉండిపోయాడు. అన్నదమ్ములు పోట్లాడుకోలేదు. ఆదివారం ఒకరు ఎడమకు, ఒకరు కుడికి తిరిగేవాళ్ళు, అంతే. నేను పెద్దనాయన ఇంట్లో చదవడం గురించి మా నాయన ఒక్కనాడూ, ఒక్క మాటా అనలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చేసిన దానికి నన్ను ఎవరూ పురిగొల్పలేదు.

ఓడ కథ ఆపిన మర్నాడే, నా పన్నెండో ఏట, బేతమంగలం చెరువులో నన్ను ముంచి లేపారు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే బ్రదర్ నా తల మీద చెయ్యి పెట్టి, ఈ పిల్ల అనేకులను రక్షణలోకి నడిపిస్తుంది అన్నాడు. ఇంక చూడండి నా వాలకం! అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు తయారయ్యాను. ఎవరు మునిగారు, ఎవరు మునగలేదు అని లైనంతా లెక్క తీశాను. మరుసటి సాయంత్రం పెద్దనాయన మామూలుగా పుస్తకం గుడ్డ విప్పాడు.

"రామ్మీ. ఓడ కథ యాడ నిలిచినాది?"

"నేను చదవను."

"ఏం, గొంతు నొప్పా?"

"నువ్వు మునగలేదు కదా. మునగనోళ్ళతో కూర్చుని వాక్యం చదవకూడదు. నువ్వు మునిగితేనే చదువుతాను."

లోపల సంగటి కెలుకుతున్న పెద్దమ్మ తెడ్డు చప్పుడు ఆగిపోయింది. పెద్దనాయన నవ్వాడు. "మా అమ్మ వొళ్ళో ఉన్నప్పుడే నాకు అయింది గదమ్మీ బాప్తీస్మం."

"అది చెల్లదు."

"చెల్లదా?" అని, కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "నీళ్ళలో ఎంతసేపు ఉండల్ల?"

"ఒక్క మునక. ఊపిరి బిగబడితే చాలు."

నాలుగు మాటలు కలిపి ఆడితే దగ్గు తెరతో ఒరిగిపోయే మనిషికి నేను చెప్పిన మాట అది. ఆయన సరే అన్నట్టు తలూపి, పుస్తకాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. శెనక్కాయలు మాత్రం తీసుకుపొమ్మన్నాడు. సిగ్గులేకుండా తీసుకుపోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, మా పెద్దనాయనతో నేను ఇలా అన్నాను అని సంఘమంతటికీ చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అని షామియానా మారుమోగింది. ఆడవాళ్ళు నా బుగ్గలు పుణికారు. మా నాయన ఒక్కడే తలొంచుకుని కూర్చున్నాడు. సంతోషంతో ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను.

వారం రోజుల తర్వాత బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళి, రేకుల అడ్డం మీది నుంచి అటు చూశాను. పెద్దనాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు అల్యూమినియం బోసి నిండా నీళ్ళు. ముక్కు పట్టుకుని, మొహం నీళ్ళలో పెట్టాడు. ఒకటి, రెండు లెక్క పెట్టేంతలో తల పైకి లాగి, ఉక్కిరిబిక్కిరై, పెరటి గోడ పట్టుకుని దగ్గాడు. దగ్గు తగ్గాక మొహం తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. నాకు అంతా అర్థమైంది. పన్నెండేళ్ళ పిల్లకు అర్థం కాకపోవడానికి అదేం చిక్కు లెక్క కాదు. ఒక్క కేక వేసి, "వద్దులే పెద్దనాయనా, నేను చదువుతాలే" అంటే సరిపోయేది. అనలేదు. సంఘం ముందు చెప్పిన మాట ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు. పైగా, ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఆ క్షణం నాకు సంతోషమైంది. గెలిచాననుకున్నాను. బట్టలు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఆయన చెరువు దాకా పోనేలేదు. వానలు పడ్డాక దగ్గు ముదిరి, మంచం పట్టి, ఒక మధ్యాహ్నం పోయాడు. పాత గుడివాళ్ళ శ్మశానంలో గుంత తీశారు. మా సంఘంవాళ్ళు వచ్చారు గానీ, మునగని వాళ్ళ కోసం చేసే ప్రార్థనలో పాలు పంచుకోకూడదని గేటు బయట గుంపుగా నిలబడ్డారు. మా నాయన పెట్టె మోసుకుంటూ గేటు దాకా వచ్చి, బ్రదర్ మొహంలోకి ఒకసారి చూసి, ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మా అమ్మ ఆయన వెనక వెళ్ళింది. నేను వెళ్ళలేదు. మట్టి వేసేటప్పుడు పెద్దమ్మ వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. ఎవరి కోసం చూసిందో నాకు తెలుసు, అందుకే ముందున్న ఆవిడ వెనక్కి జరిగాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసు ఏ చెరువులో మునిగినా పోలేదు. మా సంఘం కూడా నాలుగేళ్ళు తిరక్కుండా రెండయింది, ఆడవాళ్ళు కమ్మలు పెట్టుకోవచ్చా లేదా అని. ఆ రెండు, ఆరాధనలో పంచే రొట్టె ఎవరు విరవాలన్న పేచీతో మూడయ్యాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఎవరికి వారే తేల్చేసుకున్నారు. మా నాయన చివరి రోజుల్లో ఏ గుడికీ పోలేదు. ప్రభువు తన వాళ్ళంతా ఒక్కటిగా ఉండాలని ప్రార్థించాడని ఆదివారం బళ్ళో బహుమతి కోసం కంఠతా పట్టినదాన్నే నేను. ఆ మాటకు పెన్సిళ్ళ డబ్బా బహుమతిగా ఇచ్చారు, మాట మాత్రం లోపలికి దిగలేదు.

ఆ తైలం వాసన నన్ను వదలక, పోయిన ఆదివారం ఆండర్సన్‌పేట వెళ్ళాను. దిబ్బల మీద ఇప్పుడు పిల్లలెవరూ జారడం లేదు. గుండ్రాళ్ళు ఎవరికీ అక్కర్లేదు. అచ్చనగాయలు ఆడే అరుగుల మీద ఆటోలు ఎక్కించి నిలిపారు. రాతి గుడిలో తమిళం ఆరాధన, తెలుగు ఆరాధన రెండూ కలిపి ఒక బెంచీకి సరిపోయేంత మంది. దాని నుంచి బజారు దాకా నడిస్తే దారి పొడుగునా సంఘాల బోర్డులు, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క మైకు. ఒకే దేవుణ్ణి అన్ని వైపుల నుంచీ ఒకేసారి పిలుస్తున్నారు. మా పెద్దమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. నన్ను చూసి సంగటికి ఎసరు పెట్టింది. పళ్ళెం ముందు కూర్చుని, ఇన్నేళ్ళూ దాచింది బయట పెట్టాను. ఆయన బోసిలో మొహం పెట్టడం నేను చూశాననీ, చూసి కూడా ఊరుకున్నాననీ చెప్పాను.

"తెలుసు" అంది. "బోసిలో నీళ్ళు పోసిచ్చింది నేనే. నువ్వు రేకుల కాడ నిలబడింది కిటికీలో నుంచి చూసినా. ఇప్పుడు పిలుస్తాది, ఇప్పుడు పిలుస్తాది అనుకొన్నా."

ఖాళీ పళ్ళెం అంచు మీది తడి వేలితో తుడిచాను.

"మీ నాయన వచ్చి నేను చదువుతా అన్నా ఒప్పుకోలా ఆయప్ప. పిల్ల వస్తాది, పిల్లే చదవల్ల అన్నాడు."

"ఇప్పుడు చదవనా పెద్దమ్మా?" అన్నాను.

"వినేటోడు యాడుండాడు ఇంగ?" అని, పళ్ళెంలో వేడి ముద్ద వేసి, దాని నడుమ గుంత చేసి పులుసు పోసింది. "ఆయనకు నీమింద కోపం ల్యా అమ్మీ, ఒక్కనాడూ ల్యా. నాకుండాది. ఇంగా ఉండాది." చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "తిను. చల్లారిపోతాది."