ఉచ్చులో పడ్డ అలుగు

మరైగూడ దాటాక మా చేను అడవిని ఆనుకునే ఉంటుంది. ఇప్పపూలు రాలే రోజులు. తెల్లవారుతుండగా వదినా నేనూ గంపలు పట్టుకుని వెళ్లాం. చెట్టు కింద ఆకులు కదిలితే పామేమో అనుకున్నాం. అలుగు, చెదలు తిని బతికే పొలుసుల జంతువు. అడవిపంది కోసం ఎవరో పెట్టిన తీగ ఉచ్చు దాని వెనక కాలికి బిగుసుకుంది. తోక మీద పిల్ల.

మమ్మల్ని చూడగానే పిల్లను పొట్టలోకి లాక్కుని ఉండలా చుట్టుకుంది. దానికి తెలిసిన ఉపాయం అదొక్కటే. కరవడానికి పళ్లు లేవు. ఆ పొలుసులను చిరుత కూడా కొరకలేదంటారు. మనిషికైతే అలా చుట్టుకున్నదాన్ని ఎత్తి సంచిలో వేసుకోవడం తేలిక.

"ఏంది వదినా, చచ్చిందా?"

"లే, ఊపిరాడుతుంది. జల్ది తీగ తియ్యి."

తీగ ఎముక దాకా దిగింది. కొడవలి మొనతో మెల్లగా తప్పించాం. వదిలిపెడితే కాస్త దూరం ఈడ్చుకుంటూ పోయి పడిపోయింది. గంపలో పెట్టి ఇంటికి తెచ్చాం.

"ఎవ్వరికీ చెప్పకు. పొలుసులు అమ్ముకునేటోళ్లు వస్తరు," అంది వదిన, గాయానికి పసుపు అద్దుతూ.

మా నాన్న అలుగు బొరియ కనిపిస్తే ఆ పక్కకు నాగలి పోనిచ్చేవాడు కాదు. అది తిరిగే చోట చెదలు పెచ్చుమీరవనేవాడు. అది వదిలేసిన బొరియల్లో ముళ్లపందులు కాపురం పెట్టేవి. ఇప్పుడు బొరియ కనబడితే పలుగులతో తవ్వేస్తున్నారు.

ఫారెస్టు గార్డుకు ఫోన్ చేశాం. డాక్టరు జగదల్‌పూర్ నుంచి రావాలట. "దేఖేంగే," చూద్దాంలే అని పెట్టేశాడు.

వదిన పుట్ట తవ్వి చెదలున్న మట్టిపెళ్లలు తెచ్చింది. అలుగు నాలుక బయటపెట్టలేదు. చెదలే దాని మూతి మీద పాకాయి. మర్నాడు పొద్దుగూకేలోపు చనిపోయింది. పిల్ల తల్లి పొట్టను వదల్లేదు. మేకపాలలో గుడ్డ ముంచి నోటి దగ్గర పెట్టాం, మూతి తిప్పుకుంది. తెల్లారేసరికి అదీ ప్రాణం విడిచింది.

ఇద్దరం చేను గట్టున లోతుగా గొయ్యి తీసి రెండింటినీ పూడ్చి పైన బండ దొర్లించాం. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే బండ పక్కకు తోసి ఉంది, గొయ్యి ఖాళీగా ఉంది.

వదిన గొయ్యి అంచున కూర్చుంది.

"ఎవరో కనుక్కుందామా?" అన్నాను.

"కనుక్కుని? వాళ్లింటి ముందు నుంచే రోజూ నీళ్లకు పోవాలె కదా."

తర్వాత లేచి, ఖాళీ గొయ్యిలోకే మట్టి తోయడం మొదలుపెట్టింది.