తేనెటీగలకు చెప్పని చావు

పెరబ్రూన్‌లో మనిషి పోతే ఆ కబురు ముందు వెళ్లేది డాక్టరుకీ కాదు, మేయరుకీ కాదు, తేనెటీగలకు. ఇంటి ఆడమనిషి వీధి తలుపు తాళంచెవి పట్టుకుని తోట చివరికి నడుస్తుంది. అక్కడ చెస్ట్‌నట్ మొద్దులు తొలిచి, పైన గడ్డి టోపీలు పెట్టిన తేనె బోదెలు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో బోదెనూ తాళంచెవితో తట్టి, నల్లగుడ్డ పీలిక కట్టి, "చిట్టితల్లులూ, మీ యజమాని పోయాడు, ఇకనుంచి మీ యజమాని ఫలానా" అని చెబుతుంది. మధ్యలో ఆపకూడదు. సగం చెప్పి ఆపేస్తే, కూర్చోబోయేవాడి కింద కుర్చీ లాగేసినట్టే, తేనెటీగలు బోదెలు వదిలి ఎగిరిపోతాయంటారు. అసలు చెప్పకపోతే ఏమవుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పకుండా ఊరుకున్నవాళ్లు లేరు మరి. ఫ్రాన్సులో లిమూజాన్ పీఠభూమి మీద తాతల కాలం నుంచీ ఎర్రజెండాకి తప్ప ఓటెయ్యని ఊరది. చర్చి గంట తాడుకి బూజు పట్టినా పట్టించుకోరు. తేనెటీగల దగ్గర మాత్రం టోపీ తీస్తారు.

సొలాంజ్ పెరిసాక్ తండ్రి తాపీమేస్త్రీ. వేసవంతా పారిస్‌లో ఇళ్లు కట్టి, చలికాలానికి నడుం నొప్పినీ, నోటినిండా విప్లవాన్నీ వెంటబెట్టుకుని వచ్చేవాడు. తల్లికి పొద్దున లేస్తే మరియమ్మ జపం. రోజూ గొడవపడలేక మొగుడూ పెళ్లాం పిల్లల్ని పంచుకున్నారు: కూతురు కన్యాస్త్రీల బడికి, కొడుకు సర్కారు బడికి. కన్యాస్త్రీల దగ్గర సొలాంజ్ వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, ఇచ్చిన మాట మింగకుండా ఉండడం నేర్చుకుంది. తమ్ముడు మార్సియాల్ ఎవరొచ్చినా లేచి నిలబడకుండా ఉండడం నేర్చుకున్నాడు.

ఆ నేర్చుకున్నదానితోనే వాడు పారిస్‌లో పెద్ద ఆర్థికవేత్త అయ్యాడు. కొన్నాళ్లు ధరలకూ వడ్డీలకూ గీతలు గీసి, ఒకరోజు ఆ గీతల మీద చెయ్యి పెట్టి, "ఇదంతా సరే, అసలు జనం పొద్దున్నే లేచి పనికి ఎందుకు పోతున్నారు?" అని అడిగాడట. దానికి జవాబు లెక్కల్లో దొరకలేదు. తత్వశాస్త్రంలోకి దిగాడు. అప్పటినుంచీ ఆర్థికవేత్తలు వాణ్ణి తత్వవేత్త అనేవాళ్లు, తత్వవేత్తలు ఆర్థికవేత్త అనేవాళ్లు, ఇద్దరూ భోజనానికి పిలవడం మానేశారు. వాడు కూడళ్లలో పెట్టెల మీదికెక్కి మాట్లాడేవాడు. సమ్మె జరిగే చోట టెంటు కింద పడుకునేవాడు. చివరికి జుట్టంతా తెల్లబడి, పుస్తకాల పెట్టెలతో అక్క దగ్గరికి తిరిగొచ్చాడు. అక్క పెళ్లి చేసుకోలేదు. తల్లి వదిలిపోయిన బోదెలు చూసుకుంటూ ఉండిపోయింది. తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. అయినా తండ్రి పోయాక ఆ ఇంటికి మగవాడు వాడొక్కడే కాబట్టి, తల్లి పోయిన రోజున తేనెటీగలకు యజమానిగా వాడి పేరే చెప్పింది.

మధ్యాహ్నం పూట వాడు తోటలో రాతి బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. రంపపు మిల్లు లెయొనార్ పని మధ్యలో ఆపిల్ సారా సీసాతో వచ్చేవాడు. ఆ మిల్లుకి యజమాని లేడు. మార్సియాల్ మాటలు విని, పనివాళ్లే కలిసి నడుపుకుంటున్నారు.

"లెయొనార్, పొద్దున్నే ఎందుకు లేస్తున్నావురా?"

"మా ఆవిడ తంతుంది ప్రొఫెసర్ గారూ."

"పూర్వం ఈ మిల్లుకి యజమాని ఉన్నప్పుడు?"

"అప్పుడు కూడా మా ఆవిడే తన్నేది."

"చూశావా, ఆ యజమాని కోరిక మీ ఆవిడ కాలులోకి ఎలా దూరిందో! రాజుకైనా చేతులు రెండేరా. మిగతావన్నీ మనం ఇచ్చినవే. మనం వాడి కోరికని మన కోరిక అనుకుంటున్నంత సేపే వాడు రాజు."

"మరి మిల్లు అమ్మమంటారా, వద్దంటారా? బోర్డో కంపెనీ వాళ్లు మళ్లీ వచ్చారు. మాలో మేము కొట్టుకుచస్తున్నాం."

"నేను చెబితే అది మీ నిర్ణయం ఎలా అవుతుంది? పో, కొట్టుకో."

పేకాటలో ఎప్పుడూ ఓడిపోతాడని ఊరికి వాడంటే ఇష్టం.

తరువాతి వసంతంలో మంచం పట్టాడు. తోటలో విల్లో చెట్లు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. అక్కని దగ్గరికి పిలిచాడు.

"అక్కా, ఒక మాటియ్యి."

"ఫాదర్‌ని పిలవనులేరా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అది కాదు. తేనెటీగలు. నా తరువాత వాటికి ఇంకో యజమానిని అంటగట్టకు. బతికినంతకాలం రాసిందంతా అదే కదా."

"నువ్వు రాసింది అవి చదివాయా ఏమిటి?"

"మనుషులు మాత్రం చదివారా?" అని నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. సొలాంజ్ వాడి చేతిలో చెయ్యి వేసింది.

వాడు పోయిన పొద్దున ఆమె తాళంచెవి తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది. తేనెటీగలకు చెప్పే మాటకి రెండు ముక్కలు లేవు ఆమె దృష్టిలో. తల్లి నోట, అమ్మమ్మ నోట ఒక్క ఊపిరిలో విన్న మాట అది. రెండో సగం చెప్పకూడదంటే మొదటి సగమూ చెప్పకూడదు. వెనక్కి వచ్చి తాళంచెవి మేకుకి తగిలించింది. ఫాదర్ లేకుండా, సిలువ లేకుండా, ఎర్రజెండా కప్పి పాతిపెట్టారు. తోటలో బోదెలకు నల్లగుడ్డ లేదు.

అంత్యక్రియల తరువాత మొదటిసారి ఎండ కాసిన రోజున సొలాంజ్ వంటింటి కిటికీలోంచి చూసింది. బెంచీ మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఎడమ భుజం కొంచెం జారి, కాలు మీద కాలు, నెత్తిన టోపీ.

"సూప్ చల్లారిపోతోంది, లోపలికి రా" అంది అలవాటుగా. అన్నాక చేతిలో గిన్నె జారింది.

దగ్గరికి వెళ్తే అది గోధుమరంగులో మెల్లగా కదులుతోంది. భుజం భుజంలాగే ఉంది. మోకాలు మోకాల్లాగే ఉంది. ముఖం ఉండాల్సిన చోట రెక్కలు. తేనెటీగలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి, వాడు ఎలా కూర్చునేవాడో అలా కూర్చున్నాయి. ఎండ కొట్టం వెనక్కి వెళ్లగానే విడిపోయి బోదెల్లోకి వెళ్లిపోయాయి. మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నాయి.

లెయొనార్ వచ్చి చూశాడు.

"పెద్దమ్మా, నేను తాగి లేను కదా?"

"తాగే ఉన్నావు. అయినా అది అక్కడ ఉంది."

పారిస్ నుంచి క్లొతిల్డ్ అనే అమ్మాయి వచ్చింది. మార్సియాల్ దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు తనే పాఠాలు చెబుతోంది. రాతిలో ఇంకిన చెమట వాసన వల్ల తేనెటీగలు చేరతాయని మొదటిరోజు సొలాంజ్‌కి చక్కగా వివరించింది. ఆ వారం గడవకముందే గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, గురువుగారి ఆఖరి పుస్తకం ఎలా ముగించాలో దాన్ని అడుగుతోంది. అడిగినప్పుడు ఝుంకారం ఒక్కోసారి పైకి లేచేది, ఒక్కోసారి అణిగిపోయేది. లేస్తే ఔనని, అణిగితే కాదని క్లొతిల్డ్ గ్రహించింది.

ఇంకేముంది, మిల్లు మొత్తం తోటలోకి వచ్చింది.

"అమ్మొద్దంటారా ప్రొఫెసర్ గారూ?" అన్నాడు లెయొనార్.

ఝుంకారం లేచింది. లెయొనార్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బతికుండగా ఒక్కసారి కూడా జవాబు చెప్పని మనిషి!

నెల తిరగకుండానే జనం తోటలోకి వచ్చేముందు టోపీలు తీస్తున్నారు. బెంచీ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. పక్కూరి వాళ్లు పెళ్లి సంబంధాల గురించి అడిగి వెళ్తున్నారు. ఎవరో పాదాల దగ్గర, అంటే పాదాల్లా ఉన్న చోట, పూలు పెట్టారు. మిల్లులో ఒక్కడు, చెక్క చెక్కే మనిషి, "ఈగలు చెప్పినా సరే, అమ్మెయ్యడమే మంచిది" అన్నాడు. వాణ్ణి తేనెటీగలు కుట్టలేదు. మర్నాటి నుంచీ వాడితో ఎవరూ మాట్లాడలేదు. రొట్టెల కొట్టువాడు కూడా ముఖం చూడకుండా రొట్టె అందించాడు. అంతే.

సొలాంజ్‌కి నిద్ర తగ్గింది, ఆకలి తగ్గింది. ఏడుపు రావడం లేదు. తమ్ముడు పాతిపెట్టిన చోటా లేడు, ఇంట్లోనూ లేడు. ఎవరి ముందూ లేచి నిలబడని వాడి ముందు ఊరంతా వంగుతోంది. వాణ్ణి చనిపోనివ్వాలంటే తేనెటీగలకు చెప్పాలి. చెబితే కొత్త యజమాని పేరు చెప్పాలి, ఇచ్చిన మాట పోతుంది. సగంలో ఆపితే తేనెటీగలు పోతాయి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడుతోనే నిద్రలేచింది ఆమె. అది లేని పొద్దు ఎలా ఉంటుందో ఊహకి అందలేదు.

ఒక మధ్యాహ్నం జనం ఇంకా రాకముందు వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్, నువ్వేనా?"

ఝుంకారం లేచింది. ఆమె చెయ్యి చాచబోయింది. అంతలోనే కన్యాస్త్రీల బడి బుర్ర అడ్డం తిరిగింది.

"ఇవాళ ఆదివారమేనా?" అంది. ఆ రోజు గురువారం. కానీ ఆదివారం కావాలని, తల్లి చెయ్యి పట్టుకుని పూజకు వెళ్లే ఆదివారం కావాలని, మనసులో గట్టిగా కోరుకుంది.

ఝుంకారం మళ్లీ అంతే ఎత్తుకి లేచింది. ఔను, ఆదివారమే.

అప్పుడు అర్థమైంది సొలాంజ్‌కి. అక్కడ కూర్చున్నది ఏదీ చెప్పడం లేదు. అడిగేవాడి కోరికనే తీసుకుని, తమ్ముడి భుజాలు తొడిగి, తిరిగి ఇస్తోంది. వాళ్లు దానికే టోపీలు తీస్తున్నారు. అప్పుడే ఇంకొకటి కూడా తట్టింది. తమ్ముడు ఇంకో యజమానిని అంటగట్టొద్దన్నాడు. తను చనిపోయానని చెప్పొద్దని ఎక్కడన్నాడు?

మిల్లు సంగతి తేల్చే సభ ఆ బెంచీ ముందే పెట్టుకున్నారు. అందరూ గడ్డిలో కూర్చున్నాక సొలాంజ్ తాళంచెవి పట్టుకుని, చంకలో నల్లగుడ్డతో వచ్చింది. లెయొనార్ గబుక్కున లేచాడు.

"పెద్దమ్మా, ఆగు. ముందు మా సంగతి తేలనీ."

"తేల్చుకోవడానికి మీకు నోళ్లు లేవా?"

"ఆయన ఉండగా మేమెందుకు?"

"వాడు లేడురా సన్నాసీ. నువ్వే మోశావు శవపెట్టెని."

క్లొతిల్డ్ అడ్డం వచ్చింది. "మేడమ్, మీకు అర్థం కావడం లేదు. ఇది ఆయన జీవితకాలం చేసిన పనికి—"

"అమ్మాయీ, జీవితకాలం అయిపోయింది. పక్కకి జరుగు."

మొదటి బోదెకి గుడ్డ కట్టింది. తాళంచెవితో తట్టింది. ఒక్కోదాన్నీ తడుతూ చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసింది.

"చిట్టితల్లులూ, మీ యజమాని పోయాడు."

ఆగింది.

ఝుంకారం ఆగిపోయింది. తోటలో ఆకు కదిలిన చప్పుడు లేదు. భుజాలూ మోకాళ్లూ టోపీ అలాగే ఉన్నాయి, కానీ ఒక్క రెక్కా కదలడం లేదు. అన్నీ పేరు కోసం ఎదురుచూస్తున్నాయి. గడ్డిలో జనం కూడా ఎదురుచూస్తున్నారు. తన పేరు తన నాలుక మీద, ప్రాణమున్నదానిలా, కదులుతున్నట్టు తెలిసింది సొలాంజ్‌కి. జన్మలో ఎవరి మీదా పెత్తనం కోరలేదు ఆమె. ఆ క్షణంలో కోరింది. చెబితే చాలు, రేపు పొద్దున కూడా అవి ఉంటాయి.

పళ్లు బిగించి, ఆ మాట మింగి, "ఇక మీకు యజమాని ఎవరూ లేరు" అంది.

ముందు భుజం జారింది. తరువాత మోకాలు, ఛాతీ. టోపీ ఒక్కటే కాసేపు గాలిలో నిలబడి, అదీ చెదిరింది. బోదెలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. గోధుమరంగు దుప్పటిలా లేచి, చర్చి కప్పు మీదుగా, అడవి వైపు వెళ్లిపోయాయి. నీడ కొంచెంసేపు గడ్డి మీద జనం ముఖాల మీదుగా పాకి పోయింది. బెంచీ ఉత్త రాయి అయింది.

సొలాంజ్ నిలబడ్డచోటే కూలబడి ఏడ్చింది. తమ్ముడు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. ఏడుస్తుంటే మెల్లగా ఊపిరి ఆడింది.

కాసేపటికి తల ఎత్తింది. లెయొనార్ టోపీ చేతిలోనే ఉంది. వాడు బెంచీ వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, తరువాత ఆమె వైపు చూశాడు. క్లొతిల్డ్ కూడా తిరిగింది. ఆ వెనక ఒకరూ, ఆ పక్కన ఇంకొకరూ. చూస్తుండగానే గడ్డిలో ఉన్న ముఖాలన్నీ ఆమె మీద ఆగాయి. రెప్పలు కొట్టడం లేదు.

"అలా చూడకండి నావైపు" అంది సొలాంజ్.

తలలన్నీ ఒకేసారి పక్కకు తిరిగాయి. ఒక్కటి కూడా వెనకబడలేదు.

ఆమె లేచి వెనక్కి జరిగింది. "మీలో మీరు మాట్లాడుకోండి" అంది.

అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు.

సొలాంజ్ ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుని, వంటింటి గోడకి ఆనుకుని నిలబడింది. బయటి మాటల హోరు బోదెల ఝుంకారంలా గోడలోంచి సన్నగా, ఆగకుండా వస్తూనే ఉంది. ఆపమందామా అనుకుంది. తను ఒక్క మాటంటే నిజంగానే ఆగిపోతుందేమోనని భయం వేసింది. చేత్తో నోరు గట్టిగా మూసుకుని, వాళ్లు తమంతట తామే ఆగేదాకా అలాగే నిలబడింది.