మా అత్త కోసం ఈలలు

ఆ రోజుల్లో మా సిరిసిల్ల వైపు విదేశీ చదువంటే పాస్‌పోర్టు, విమానం లాంటి ఆడంబరాలేమీ ఉండేవి కావు. సాయంత్రం బస్సెక్కి, రాత్రంతా ముందు సీటు కమ్మీకి నుదురు కొట్టుకుంటూ పోతే మర్నాటికి భివండి అనే విదేశం వచ్చేది. అక్కడ నీళ్లు వేరు, భాష వేరు. మన దగ్గర తెలుగులో తప్పు చేసే లెక్కల్ని అక్కడ మరాఠీలో తప్పు చేయాలి, అంతే తేడా. ఇంటర్ బొటాబొటిగా గట్టెక్కిన నన్ను మా బాపు బీకాం కోసం అక్కడికి పంపింది ఆ కాలేజీ గొప్పతనం చూసి కాదు. అక్కడి నాగావ్ పేటలో మా మేనత్త ఉండేది కాబట్టి తిండికీ తిట్లకూ వేరే ఏర్పాటు అక్కర్లేదని. నేను బస్సు దిగిన రోజే అత్త నా భవిష్యత్తు తేల్చేసింది. "చదువుకుంటే చదువుకో, అన్నం నేను పెడ్త. తిరుగుడు మొదలుపెట్టినవని తెలిసిందంటే మాత్రం మీ బాపుకు కార్డు రాస్త. తెల్లారి మీ మామ పక్కన సాంచ మీద నిలబడుతవ్." సాంచ అంటే మరమగ్గం. మా మామ వాటిలో నాలుగింటిని ఒకేసారి నడుపుతూ, పన్నెండు గంటల పాళీలు, అంటే షిఫ్టులు, చేసి చేసి వినికిడి సగం పోగొట్టుకున్నాడు. నాకు చదువు మీద ప్రేమ లేకపోయినా సాంచ అంటే భయం దండిగా ఉండేది. చూసేవాళ్లు దాన్నే విద్యాసక్తి అనుకునేవారు.

మరాఠీతో నా పేచీ ఏమిటంటే, అందులోని తెలియని మాటలు నన్నెప్పుడూ ఏమీ చేయలేదు. అచ్చం మన మాటల్లా నటించేవే నన్ను ముంచాయి. పక్క గదిలోని పెద్దావిడను 'కాకీ' అని పిలవమన్నారు. పిన్నిని వాళ్లు అలాగే అంటారట. అంత మర్యాదస్తురాలిని మొహమ్మీదే కాకి అనడానికి నోరు రాక నెలరోజులు ఆమెతో మాట్లాడనేలేదు (పాపం, ఆవిడ నన్ను మూగవాడనుకుని రోజూ ఒక అరటిపండు ఇచ్చేది, నేను నోరు విప్పిన రోజు నుంచి మానేసింది).

కాలేజీలో నాకు దొరికిన కొత్త స్నేహితులు ఇద్దరు. ఒకడు మనవాడే, భివండిలోనే పుట్టి మరాఠీ బడిలో చదివినవాడు. ఒక్క వాక్యంలో మూడు భాషలు కలిపేవాడు కాబట్టి మిక్చర్ అని పేరు పెట్టాను. రెండోవాడు మరాఠీ కుర్రాడు. ఫ్యాను కింద కూర్చోవడానికి కూడా ఆలోచించేంత సన్నగా ఉండేవాడు, అందరూ పైల్వాన్ అని పిలిచేవారు. ఒకరోజు పైల్వాన్ నా భుజం మీద చెయ్యేసి, "రాత్రీ తమాషా బఘాయ్‌లా యేతోస్ కా?" అన్నాడు. రాత్రి మన మాటే, తమాషా మన మాటే. రాత్రి సరదాగా ఎక్కడికో వస్తావా అంటున్నాడన్నమాట. మరాఠీ ఇంత సులువుగా వచ్చేసినందుకు నన్ను నేనే మెచ్చుకుని, "యేతో" అన్నాను, వస్తానని. అత్తతో మాత్రం కనేరిలో మిక్చర్ వాళ్లింట్లో కలిసి చదువుకుంటామని చెప్పి, సాక్ష్యానికి అకౌంట్స్ పుస్తకం చంకలో పెట్టుకున్నాను. మామ అప్పటికే టిఫిన్ డబ్బా పట్టుకుని రాత్రి పాళీకి వెళ్లిపోయాడు.

బట్టల తాన్లు వేసుకుని పోతున్న టెంపో వెనక ఎక్కి కాశేలి దగ్గర దిగాం. జాతర జరుగుతోంది. ఓ పక్కన పెద్ద డేరా, దాని ముందు నిలువెత్తు బొమ్మ. తొమ్మిది గజాల చీర, కాళ్లకు గజ్జెలు, ఒక కన్ను మూసి రెండో కంటితో నన్నే చూస్తున్న ఆవిడ. తమాషా అంటే ఆ దేశంలో ఆడవాళ్లు గజ్జెకట్టి ఆడే మేళమని అప్పుడు తెలిసింది. "గిసొంటి జాగకు తీస్కచ్చినవేందిరా" అని మిక్చర్‌ని నిలదీశాను. "అరే, వాడు బోల్లా నా నీకు. తమాషా అంటే తమాషాచ్. నువ్వే హో అన్నవ్ కద యార్" అన్నాడు వాడు. సిగ్గున్నవాడు అక్కడి నుంచే వెనుదిరిగేవాడు. నేను చంకలో పాఠ్యపుస్తకం ఉన్నంతసేపు ధర్మం తప్పనట్టేనని నిశ్చయించుకుని లోపలికి నడిచాను.

వెనక బెంచీ మీద సర్దుకుని తలెత్తి చూస్తే మూడో వరుసలో మామ. తలకు రుమాలు చుట్టుకుని, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని, ఢోలకీ మోతకు ఆ డబ్బా మూత మీదే తాళం వేస్తున్నాడు. మగ్గాల మోతలో పోయిందనుకున్న వినికిడి ఆ రాత్రికి పూర్తిగా తిరిగొచ్చినట్టుంది. నేను పైల్వాన్ వెనక దాక్కున్నాను (పైల్వాన్ వెనక దాక్కోవడం అంటే బహిరంగంగా నిలబడటమే). ఇంతలో తెర వెనక గజ్జెలు ఘల్లుమన్నాయి. నా పక్కనున్న ముసలాయన ఆనందం పట్టలేక, "ఆత్తా యేణార్" అన్నాడు. ముందు వరుసా అదే మాట అంది. కాసేపటికి డేరా అంతా, ఆత్తా యేణార్, ఆత్తా యేణార్.

మరాఠీలో 'ఆత్తా' అంటే ఇప్పుడు. ఇప్పుడు వస్తుందని వాళ్లు నర్తకి కోసం తహతహలాడుతున్నారు. నాకు మాత్రం అత్త వస్తోందని వినిపించింది. 'యేణార్' అంటే రావడమని అంతకు వారం ముందే నేర్చుకున్నాను, నా ఖర్మ కాలి. మామ ఇక్కడున్నాడు, మామను పట్టుకోవడానికి అత్త వస్తోంది, ఇందులో అనుమానించడానికేముంది? మా అత్త వస్తున్న సంగతి ఇంతమందికి ఎలా తెలిసిందని గానీ, ఆమె కోసం వీళ్లంతా ఈలలెందుకు వేస్తున్నారని గానీ నేను ఆలోచించలేదు. ఒకాయన ఏకంగా టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు. నేను డేరా గుడ్డ కింద నుంచి పాకి బయటపడ్డాను. ధర్మానికి కాపలాగా తెచ్చిన అకౌంట్స్ పుస్తకం బెంచీ మీదే ఉండిపోయింది.

సగం దూరం పరుగెత్తి, సగం దూరం రిక్షాలో ఇల్లు చేరి తలుపు కొడితే, అత్త నిద్రకళ్లతో తీసింది. నాకంటే ముందే వచ్చి నిద్ర నటిస్తోందని గ్రహించి తటాలున కాళ్ల మీద పడ్డాను.

"కార్డు రాయకు అత్తా. నువ్వు అచ్చినవని తెల్వంగనే ఉరికచ్చిన."

"ఏడికచ్చినరా నేను?"

"కాశేలికి. తమాషకు."

అత్త కళ్లు నులుముకుని నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపు నా మీద కోపమనుకుని, నా నిజాయితీకి రుజువులు చూపించడం మొదలుపెట్టాను.

"నేను ఎనుక కూసున్న, ఏం సూడలే. మామనే ముందట కూసున్నడు, మూడో లైన్ల. నువ్వు సూసే ఉంటవ్."

"మీ మామ పాళీకి పోయిండు గద."

"డబ్బ ఒళ్లెనే ఉండె అత్తా."

అత్త నెమ్మదిగా గడప మీద కూర్చుంది. "నేను అస్తున్ననని నీకెవలు చెప్పిన్రు?" అని అడిగింది. అందరూ అన్నారని, వాళ్లన్న మాటను అన్నట్టుగానే చెప్పాను. ఆమె ఆ మాటను లోలోపల ఒకసారి పలికి చూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆ మాటకు అర్థం చెప్పింది. అప్పటికి మామ కొంప ఎటూ మునిగిపోయింది.

పొద్దున మామ వచ్చాడు. జుట్టు నిండా దూదిపోగులు, ఏ సాంచ కింద నుంచి ఏరి తెచ్చి చల్లుకున్నాడో. అత్త చాయ్ చేతికిచ్చి, "రాత్రి ఎన్ని తాన్లు దిగినయ్?" అంది.

"రెండు."

"ఆమె మంచిగ ఆడిందా?"

మామ చాయ్ వైపు చూశాడు, ఆ తర్వాత నా వైపు చూశాడు. "వీడు కాలేజి పేరు చెప్పి ఏడ తిరుగుతున్నడో ముందుగాల అడుగు" అన్నాడు. "అడగకముందే వాడు చెప్పిండు. నువ్వు అడిగినా చెప్తలేవు" అంది అత్త. నేను కార్డు సంగతి ఎత్తబోతే ఆమే అందుకుంది. "రాయను తియ్యి. భాష రాక గంత దూరం ఉరికినవ్. రానిది నేర్చుకుంటందుకే గద మా అన్న నిన్ను పంపింది. కాలేజికి పో."

అలా నా చదువు బతికిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు, ఇంట్లో మగ్గాల నూలు కండెలు చుడుతూ చుడుతూ అత్త ఉన్నట్టుండి అడిగేది, "నిజంగ అంతమంది ఈలలు ఏసిన్రారా?" ఏసిన్రు అనేవాణ్ని. "నా కోసమే అనుకున్నవా?" అనుకున్న అనేవాణ్ని. మళ్లీ మొదటి నుంచి చెప్పమనేది. చెప్పినప్పుడల్లా గాల్లోకి ఒకటి రెండు టోపీలు ఎక్కువ ఎగరేసేవాణ్ని. పదమూడేళ్లుగా ఆ ఊళ్లో ఉంటూ ఆమె ఇల్లూ కండెలూ తప్ప ఏమీ చూడలేదని, ఒక్క ఆటకైనా తీసుకెళ్దామని బీకాం చదివే నా బుర్రకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది, ఇప్పుడేమో ఆమె లేదు. మా అత్త కోసం ఒక డేరా అంతా ఎదురుచూస్తోందని ఈ లోకంలో మనస్ఫూర్తిగా నమ్మినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఆమె రాకముందే గుడ్డ కింద నుంచి పాకి పారిపోయాడు.