మూడు పొంగుల జీవరత్నం

జీవరత్నానికి ఒకటే పిచ్చి. ఎవరి చేతిలో పాలుగాని కాఫీగాని కనబడితే చాలు, గ్లాసు నోటిదాకా వెళ్ళనిచ్చేవాడు కాదు. "ఆగండి! ఎన్ని పొంగులు?" అని అడ్డం పడేవాడు. పాలు పొయ్యి మీద మూడుసార్లు పొంగితేనే తాగాలి. రెండుసార్లు పొంగినవి అతని లెక్కలో పచ్చిపాలే.

నేను కాశీలో మట్టి ముంతలతో తాగాను, రంగూన్‌లో డబ్బాపాల టీ తాగాను, అస్సాం రైల్లో దేంతో కాచారో తెలియనిది కూడా తాగాను. ఎక్కడా ఎవరూ నన్ను సంజాయిషీ అడగలేదు. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో కాళ్ళు మొరాయించి పామర్రులో ఆగి, జీవరత్నం ఇంటి ముందు గదిలో దిగాక, వేడి కాఫీ ఎలా ఉంటుందో మరిచిపోయాను.

"మీకు కాఫీ చల్లారుతుంది, అంతే. రోజూ పొయ్యి కడిగేది నేనండీ!" అనేది అతని భార్య సువార్తమ్మ.

అతను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పగలంతా ఉద్యోగం, మిగతా వేళంతా పోస్టులో చదువు. పశువుల నుంచి మనుషులకు పాకే జబ్బుల మీద ఎక్కడో దూరపు విశ్వవిద్యాలయం పాఠాలు పంపేది, ఇతను జవాబులు పంపేవాడు. గట్టెక్కితే బెజవాడలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. తప్పితే రిటైరయ్యేదాకా ఎద్దులకు ఆముదం పట్టడమే.

ఎడమచేత్తో ముకుతాడు, కుడిచేత్తో పాఠం. ఒకసారి రత్తయ్య ఎద్దుకి రాసిన మందుచీటీ జవాబుల్లో కలిసి పోస్టయిపోయింది. దానికి రెండు మార్కులొచ్చాయి. ఇక్కడ రత్తయ్య, "నాలుగో ప్రశ్నకు జవాబు" అని రాసున్న కాగితం పట్టుకుని మందుల షాపు ముందు గంటసేపు నిలబడ్డాడు.

ఒక ఆదివారం బెజవాడ గవర్నర్‌పేటలో నా స్నేహితుడు రామకోటేశ్వరరావు గృహప్రవేశానికి జీవరత్నాన్ని తీసుకెళ్ళాను. బుద్ధి తక్కువై. కొత్తింట్లో పాలు పొంగాయి. అమ్మలక్కలు సంబరంగా చేతులు జోడించారు. వెనకనుంచి గొంతు లేచింది.

"ఒకటైందండీ. ఇంకా రెండున్నాయి!"

ఇంటావిడ పద్మావతమ్మ తెల్లబోయింది. "శుభమా అని పాలు పొంగిస్తే ఈ లెక్కలేంటండీ?"

"శుభానికి ఒకటి చాలమ్మా. ఆరోగ్యానికి మూడు."

రెండో పొంగుకి పొయ్యి ఆరింది. జేబులో ఉన్న అయిదో పాఠం కాగితాలతో విసిరి తనే రాజేశాడు. మూడో పొంగు కొత్త గచ్చు మీదుగా పురోహితుడి పంచెదాకా వెళ్ళింది. రామకోటేశ్వరరావు నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు.

అలాంటివాడికి ఆఖరి పాఠంలో సున్నా వచ్చింది.

కవరు వచ్చినప్పుడు అతను డ్యూటీలో ఉన్నాడు. ఇంగ్లీషులో ఉందని సువార్తమ్మ నాకిచ్చింది. మీ ప్రాంతంలో జబ్బు సోకిన ఒక పశువు గురించి, యజమాని పేరుతో సహా రాయమని ప్రశ్న. మనవాడు ఒక గేదె గురించి ఏడు పేజీలు రాశాడు. యజమాని పేరు దగ్గర, జీవరత్నం.

"మాకు కోడిపిల్ల కూడా లేదు కదండీ!" అంది సువార్తమ్మ.

కింద ఎర్రసిరాతో ఒక వాక్యం: "సొంత గేదెనే కాపాడుకోలేనివాడు ప్రజలనేం కాపాడతాడు? పదిహేను రోజుల్లో తిరిగి రాయాలి."

సాయంత్రం సైకిలు దిగీదిగగానే పట్టుకున్నాను. "ఎవరిదయ్యా ఈ గేదె?"

చాలాసేపు నసిగి చెప్పాడు. "మన వీధిలో పాలు పోసే బుల్లెమ్మదండీ. రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. పచ్చిపాలు తాగితే మనిషికి పట్టుకుంటుంది, కాస్తే భయం లేదు. మా డాక్టరుగారికి తెలుసు. కానీ పేరు పొక్కితే ఆవిడ పాలు ఎవరు పోయించుకుంటారు మాస్టారూ? వంటరి మనిషి, ఉన్నదొక్క గేదె."

"అందుకని ఊరంతటినీ..."

"ఊరంతా మూడు పొంగులు కాస్తే గేదె ఎవరిదైతేనేం?"

"ఒక పొంగు చాలదూ?"

"చాలండీ. మన జనాన్ని మూడు అడిగితేగాని ఒకటి కాయరు."

ఎర్రసిరా కాగితం మడిచి అతని చేతిలో పెట్టాను.

"మరి ఈసారి ఎవరి పేరు రాస్తావు?"

నన్ను ఎగాదిగా చూశాడు. "మీ పేరు రాసుకోనా? మీరెలాగూ ఒక ఊళ్ళో ఉండే మనిషి కారు. వాళ్ళు విచారణకొచ్చినా దొరకరు."

రాసుకోమన్నాను. ఈసారి డెబ్భై ఒక్క మార్కులొచ్చాయి. పక్కన ఎర్రసిరా ఇలా అంది: "జబ్బు వర్ణన బాగుంది. యజమానికి శుభ్రత నేర్పవలెను."